బండి ఖర్చులో ఒంటి వాటా ఎంత?

మన హాస్టల్ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులు ఒకప్పుడు బస్సు దిగి నడిచి వచ్చేవారు. ఇప్పుడు గేటు బయట వేపచెట్టు కింద మోటారు సైకిళ్లకు చోటు చాలడం లేదు. సంతోషమే. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని ఈ గేటు దాటిన పిల్లలు సొంత సంపాదనతో బండి కొనుక్కోవడం చిన్న విషయమేమీ కాదు. కాకపోతే పోయినసారి చూశాను, సగం హెల్మెట్లు అద్దాలకు వేలాడుతున్నాయి. చేతులకు గ్లవ్స్ ఒక్కరికీ లేవు. తమ్ముళ్లతో ఆ సంగతే మాట్లాడాలని ఈ వ్యాసం.

ముందు నా కథ. డిగ్రీ అయ్యాక చిన్న ఉద్యోగం, సెకండ్ హ్యాండ్ బండి. ఒక సాయంత్రం మలుపులో కంకర మీద బ్రేకు వేశాను. వేగం 40 కూడా లేదు. తలకు హెల్మెట్ ఉంది. ఒంటి మీద టెరికాట్ ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా, కాళ్లకు హవాయి చెప్పులు. పడేటప్పుడు మనిషి ముందుగా చేతులే ఆనిస్తాడు. రెండు అరచేతుల చర్మం లేచిపోయింది. రాపిడి వేడికి టెరికాట్ కరిగి మోకాలికి అంటుకుంది. నర్సమ్మ దాన్ని ఊడదీస్తుంటే నేను పెట్టిన కేకలు వార్డంతా విన్నది. పది రోజుల్లో పోటీ పరీక్ష. పెన్ను పట్టలేక హాలుకే పోలేదు. పాతికేళ్ల కొడుక్కి అమ్మ అన్నం కలిపి తినిపించింది. తల క్షేమం, సంవత్సరం పోయింది.

అలాగని హెల్మెట్‌ను తక్కువ చేయడం లేదు. 2022లో దేశంలో హెల్మెట్ లేక రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 50,029 మందని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. మన వాళ్లలో చాలామంది హెల్మెట్‌ను చలానా తప్పించే వస్తువుగా చూస్తున్నారు. రోడ్డు పక్కన గుట్టపోసి అమ్మే టోపీలు అందుకే అమ్ముడవుతున్నాయి. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోవచ్చు. గడ్డాన్ని కూడా కప్పే ఫుల్ ఫేస్ కొనండి. పెట్టుకొని అటూ ఇటూ తిప్పితే బుగ్గలు దానితో పాటు కదలాలి. వదులుగా తిరిగిందంటే మీ సైజు కాదు. లోపల ఉండే థర్మోకోల్ వంటి పొర ఒక్కసారే నలిగి దెబ్బను మింగుతుంది. కాబట్టి పడిన హెల్మెట్, ఇంకొకరు వాడిన హెల్మెట్ వద్దు. హాస్టల్లో చొక్కాలు మార్చుకున్నాం గానీ ఇది ఆ బాపతు కాదు.

నా అభిప్రాయంలో హెల్మెట్ తర్వాత డబ్బు గ్లవ్స్‌కు, బూట్లకు పోవాలి. అరచేతి వైపు తోలు ఉన్న గ్లవ్స్, మణికట్టు దగ్గర బిగించే పట్టీ ఉన్నవి. బూట్లు చీలమండ దాటాలి. ఎన్‌సీసీలో ఇచ్చిన తోలు బూట్లు ఉంటే అవే వేసుకోండి, లేసులు మాత్రం లోపలికి దోపుకోండి. మామూలు జీన్స్ గట్టిదనుకుంటాం గానీ రోడ్డు మీద జారితే తొందరగానే చిరుగుతుంది. టెరికాట్ కంటే మేలు, అంతే.

జాకెట్ చివర. ఖరీదు ఎక్కువ కాబట్టే చివరన్నాను, ఈ వరసతో ఒప్పుకోనివారు ఉంటారు. మన ఎండలకు గాలి ఆడే మెష్ జాకెట్టే నయం. దళసరి తోలుదైతే మే నెలలో మేకుకు తగిలించి వెళతారు, మేకుకున్న జాకెట్ ఎవరినీ కాపాడదు. లోపలి చీటీపై ఈఎన్ 17092 అని, ఏఏఏ, ఏఏ, ఏ వంటి తరగతి ఉంటుంది. ఎక్కువ ఏలుంటే ఎక్కువ గట్టిది. మోచేయి, భుజాల ప్యాడ్లపై ఈఎన్ 1621-1 చూడండి, లెవెల్ 2 ప్యాడ్ లెవెల్ 1 కంటే దెబ్బను బాగా ఆపుతుంది. వీపు దగ్గర చాలా వాటిలో ఉత్త స్పాంజి ముక్కే పెడతారు, జేబు తీసి చూడండి. కొట్లో హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచి చూసుకోవాలి. అప్పుడు కూడా ప్యాడ్ మోచేతి మీదే ఉండాలి.

డబ్బు ఎక్కడిదంటారా? షోరూంలో సీటు కవరుకు, స్టిక్కర్లకు, కొత్త సైలెన్సరుకు ఎక్కడిదో అక్కడిదే. బండి ధరలో పదో వంతు ముందే పక్కన పెట్టండని నా మాట. వాయిదాలైతే నెలకొక వస్తువు. రోజంతా డెలివరీ పని మీద తిరిగే తమ్ముళ్లు మాత్రం గ్లవ్స్, బూట్లు మొదటి నెలలోనే కొనుక్కోండి. చెల్లెళ్లు చున్నీని ముడేసి జాకెట్ లోపలికి దోపుకోవాలి. అది చక్రంలో పడితే మెడకే ఉరి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మకూ హెల్మెట్ కొన్నాను. కొప్పు అడ్డొచ్చి మొదట దిగలేదు. జడ వేసుకొని మళ్లీ పెట్టుకుంది. సంత దాకా వెళ్లొచ్చాం. దారిలో ఎవరో నవ్వితే, ‘నవ్వనీరా, నీకు అన్నం తినిపించింది వాళ్లా నేనా’ అంది.