ఆజ్ఞ - బాధ్యత

యంత్రమును కొనుట వేఱు. యంత్రమునకు యజమాని యగుట వేఱు. ఈ భేదమును గుర్తించుట నేటి విద్యార్థులకు మిక్కిలి అవసరము.

రంగారెడ్డి జిల్లాలో, శంషాబాదు విమానాశ్రయమునకు సమీపమున, రావిర్యాల యను గ్రామము కలదు. అచ్చట ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల కొఱకు ప్రత్యేకముగా ఒక వాడ వెలసినది. అందు టెలివిజన్లు మొదలగు వస్తువులు తయారగుచున్నవి. ఒకనాడు గోడమీది మీట నొక్కినగాని వెలుగని దీపము, తిరుగని పంకా నేడు ఫోనులోని బొమ్మను తాకినంతనే మన మాట వినుచున్నవి. ఇట్టి కాలమున, ఇట్టి కర్మాగారములకు చేరువలో పెరుగు బాలబాలికలు బొమ్మను తాకుటతోనే తృప్తి చెందరాదు. యంత్రమునకు వ్రాతపూర్వకముగా ఆజ్ఞ నిచ్చుటయు నేర్వవలెనని నా అభిప్రాయము.

వ్రాతపూర్వకమైన ఆజ్ఞ యనగా నేమి? కంప్యూటరులో కమాండ్ లైన్ అను పద్ధతి కలదు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆరంభమైన యూనిక్స్ వ్యవస్థకు ఇదియే ప్రాణము. నేటికిని ఈ పద్ధతి చెక్కుచెదరక నిలిచియున్నది. ఇందు బొమ్మలుండవు, అక్షరములే యుండును. వీథిలో ప్రతి ఇంటికి ఒక నంబరు ఉన్నట్లే, ఇంటిలోని ఇట్టి ప్రతి సాధనమునకు ఒక చిరునామా ఉండును. ఆ చిరునామాను, చేయవలసిన పనిని ఒక పంక్తిలో వ్రాసి పంపినచో దీపము ఆరిపోవును. తప్పు వ్రాసినచో ఆ తప్పు కన్నుల యెదుటనే యుండును గనుక దిద్దుకొనవచ్చును. పది ఆజ్ఞలను వరుసగా వ్రాసియుంచి, రాత్రి 10 గంటలకు అవి అమలగునట్లు చేయవచ్చును. బొమ్మను తాకినవారికి జరిగిన పని మాత్రమే కనబడును. పంక్తిని వ్రాసినవారికి పని జరుగు విధము గూడ తెలియును.

ఇందు మఱియొక లాభము కలదు. ఫోనులోని బొమ్మను తాకినపుడు పెక్కు సందర్భములలో మన ఆజ్ఞ ఎక్కడో దూరమున నున్న కంపెనీ సర్వరునకు పోయి, తిరిగి మన ఇంటికి వచ్చును. ఆ సర్వరు నిలిచిపోయినచో, వస్తువు మన ఇంట నున్నను మనది కానట్లే. అమెరికాలో రివాల్వ్ అను గృహసాధనము విషయమున ఇట్లే జరిగినది. 2016 మే నెలలో దాని సేవలను నిలిపివేయగా, చెడిపోని సాధనములు సైతము నిరుపయోగములైనవి. ఇంటిలోపలినుండియే ఆజ్ఞలను స్వీకరించు సాధనములకు ఈ భయము లేదు. అన్ని సాధనములును అట్లు స్వీకరింపవు. కావున కొనుటకు ముందే విచారింపవలెను.

'ఇది కొందఱికే తగిన విద్య. ఇంటిలోని అవ్వకు మీటయే చాలును' అని కొందఱందురు. నిజమే, అవ్వకు మీట ఉండవలసినదే. కాని ఆ మీట వెనుక ఏమి జరుగుచున్నదో తెలిసినవారు ఇంటికొక్కరైన ఉండుట మేలు కాదా?

ఐతే ఆజ్ఞ నిచ్చుట నేర్చినంత మాత్రమున చాలదు. యంత్రము ఆలోచింపదు, చెప్పినది చేయును. మన పల్లెలలోని బోరుబావులే ఇందుకు నిదర్శనము. సేద్యమునకు విద్యుత్తు దినమునకు కొన్ని గంటలు మాత్రమే, అదియు వేళగాని వేళలందు, వచ్చుచుండిన కాలమున రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లను అమర్చుకొనిరి. విద్యుత్తు వచ్చినంతనే మోటారు తనంతట తాను తిరుగును. అర్ధరాత్రి చీకటిలో పొలము గట్లపై నడచిపోవు బాధ రైతునకు తప్పినది. ఆనాటికి అది తగిన ఏర్పాటే. కాని 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు నిచ్చుట ఆరంభమైనది. మోటార్లు రేయింబవళ్లు తిరిగినచో భూగర్భజలము అడుగంటునని తలచి, ఆటో స్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వము రైతులను కోరెను. యంత్రము తప్పు చేయలేదు. కాలము మారినను పాత ఆజ్ఞనే పాటించినది. కావున ఇంటి ట్యాంకునకు నీరెక్కించు ఆజ్ఞను వ్రాయు విద్యార్థి 'మోటారు తిరుగవలెను' అని వ్రాసి ఊరకుండరాదు. 'ట్యాంకు నిండినచో ఆగవలెను, బోరులో నీరు లేనిచో ఆగవలెను' అనియు వ్రాయవలెను.

ఆజ్ఞ నిచ్చు అధికారమును కాపాడుకొనుటయు యజమాని ధర్మమే. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఒకటి బయలుదేఱినది. తయారీదారులు పెట్టిన పాస్‌వర్డులతోనే నడచుచున్న కెమెరాలు మొదలగు సాధనములలో అది ప్రవేశించి, వానినెల్ల తన సైన్యముగా చేసికొని, ప్రసిద్ధమైన వెబ్‌సైట్లను స్తంభింపజేసినది. తలుపునకు తాళము వేసి, చెవిని గుమ్మమునకే వ్రేలాడదీసినట్లైనది.

పాఠశాలయందలి కంప్యూటరు గదిలో ఒక చిన్న దీపము, దానికొక చిరునామా, వ్రాయుటకొక పంక్తి: ఈ విద్యను ఆరంభించుటకు ఇంతకంటె ఎక్కువ అక్కఱలేదు. ఆజ్ఞను వ్రాయునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఎవరికి పోవును? ఏమి చేయును? ఎప్పుడు ఆగును? ఈ మూడింటికి సమాధానము చెప్పగలవారే యంత్రమునకు నిజమైన యజమానులు.