ఈవెంట్స్‌కు నెల రోజుల సాధన చాలదు

ఆంధ్రప్రదేశ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు. ఈవెంట్స్, అంటే దేహదారుఢ్య పరీక్షలు, మొదలైంది 2024 డిసెంబరు 30న. మధ్యలో దాదాపు రెండేళ్లు. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ఊళ్లలో ఈ కొలువు మీద ఆశ పెట్టుకున్న ఇళ్లెన్నో. తేదీ ఎప్పుడో తెలియనప్పుడు సాధన ఎలా నిలుస్తుంది? ఆపేసిన కొద్ది వారాలకే కూడబెట్టిన దమ్ము తగ్గిపోతుంది.

ఈవెంట్స్‌లో 1600 మీటర్ల పరుగును మగవాళ్లు 8 నిమిషాల్లో ముగించాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు, చుట్టుకు రెండు నిమిషాలు. చాలామంది తడబడేది మొదటి చుట్టులోనే. పక్కవాణ్ని చూసి నిమిషన్నరలో కొట్టేస్తారు. అందిన ఆక్సిజన్ చాలక కండరాల్లో ఆమ్లత పెరుగుతుంది, మూడో చుట్టుకు పిక్కలు బిగుసుకుపోతాయి. ఈ పరుగుకు కావలసిన శక్తిలో అధిక భాగం ఆక్సిజన్ నుంచే రావాలి. ఆ సామర్థ్యం నెల రోజులు ఊపిరి బిగబట్టి ఉరికితే రాదు. నెలల తరబడి, పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానంగా పరుగెత్తితేనే వస్తుంది.

మంచు మీద స్కీ స్ప్రింట్ చూడండి. ఒక్కో రేసు మూడు నిమిషాలు అటూఇటూ. గెలవాలంటే ఒకే రోజు నాలుగుసార్లు దిగాలి. 2025లో ట్రాండ్‌హైమ్ ప్రపంచ పోటీల్లో ఆరుకు ఆరు స్వర్ణాలు కొట్టిన నార్వే వీరుడు క్లేబో లాంటివాళ్లకు వేగం ఎంత ముఖ్యమో, రేసుకూ రేసుకూ మధ్య తేరుకోవడమూ అంతే ముఖ్యం. మన అభ్యర్థులదీ అదే పరీక్ష. 1600 తర్వాత 100 మీటర్లో, లాంగ్ జంపో ఉంటుంది. ఆ కాసేపటి విసురుకు కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ మళ్లీ నిండాలన్నా ఆక్సిజనే కావాలి.

ఆక్సిజన్‌ను మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. అమ్మాయిలూ అదే 1600 మీటర్లు పదిన్నర నిమిషాల్లో పూర్తిచేయాలి. రక్తం చాలని పిల్ల ఆయాసపడితే బద్ధకమని కసురుకోవడం అన్యాయం. ఇనుము మాత్రలు వేసుకున్నా తేరుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

కాబట్టి నోటిఫికేషన్‌తోపాటే ఈవెంట్స్ తేదీ ప్రకటించి, దానికి కట్టుబడాలి. దరఖాస్తు చేసిన అమ్మాయిలందరికీ ఆ వారంలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హిమోగ్లోబిన్ పరీక్ష చేయాలి. ప్రతి మండలంలో ఒక హైస్కూలు మైదానంలోనైనా 400 మీటర్ల చుట్టు కొలిచి సున్నం గీత గీయించాలి.