అందరికీ ఆట: ఇంటి ముంగిట పోటీలను గూర్చి ఒక మనవి

'సవాల్' అనే మాట ఉర్దూలో ప్రశ్నను తెలుపుతుంది. అదే మాట తెలుగులోకి వచ్చి 'సవాలు'గా స్థిరపడి, పోటీకి పిలుపు అనే అర్థాన్ని సంతరించుకున్నది. రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో వినవచ్చే మన కళాశాలలో ఈ రెండు అర్థాలనూ కలిపి ఆలోచించడం సముచితమని మేము భావిస్తున్నాము. ప్రతి పోటీ ఒక పిలుపు. ఆ పిలుపు ఎవరిని ఉద్దేశించినది అన్నదే ప్రశ్న.

ఏటా కళాశాలలలో జరిగే క్రీడోత్సవాలను ఒకసారి స్మరించండి. పరుగుపందెంలో పదిమంది, కబడ్డీలో రెండు జట్లు, సాంస్కృతిక కార్యక్రమంలో ఒక నృత్యబృందం పాల్గొంటాయి. మిగిలినవారికి దక్కేది చప్పట్లు కొట్టే భాగ్యం. వారిలో చక్రాల కుర్చీలో వచ్చే సోదరుడు ఉంటాడు. చూపు మందగించిన సోదరి ఉంటుంది. సాయంత్రం బస్సు తప్పితే ఇల్లు చేరలేని పల్లె విద్యార్థి, నలుగురి ఎదుట పరుగెత్తడానికి ఇంటివారు ఒప్పుకోని బాలిక, లావుగా ఉన్నందుకు నవ్వులపాలవుతానని వెనుక బెంచీ వీడని యువకుడు కూడా ఉంటారు. వీరికి ఆటపాటలపై ఆసక్తి లేదని తీర్మానించడం తొందరపాటు. ఆట వీరి దాకా పోలేదు అనడమే న్యాయం.

ఇది ఒక్క కళాశాల సమస్య కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2019లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, 11 నుండి 17 ఏండ్ల వయసుగల బాలబాలికలలో నూటికి 81 మంది తగినంత శారీరక శ్రమకు నోచుకోవడం లేదు. బాలురలో ఈ సంఖ్య 78 కాగా బాలికలలో 85. ఆ వయసువారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన వ్యాయామం అవసరమని ఆ సంస్థ చెబుతున్నది. 2020 నవంబరులో వెలువరించిన సూచనలలో వికలాంగులైన పిల్లలకూ ఇది వర్తిస్తుందని స్పష్టం చేసింది. అనగా వ్యాయామం బలవంతుని విలాసం కాదు; ప్రతి శరీరానికీ నిత్యావసరం.

మైదానం లేనిచోట, మైదానానికి పోలేనిచోట ఈ అవసరం తీరేదెట్లు? 2020వ సంవత్సరం ఇందుకు ఒక సమాధానం చూపింది. కోవిడ్ మహమ్మారి వల్ల లోకమంతా తలుపులు మూసుకున్న ఆ రోజులలో ఇల్లే క్రీడాంగణమైనది. నూరేండ్లు నిండబోతున్న మాజీ సైనికుడు టామ్ మూర్ ఇంగ్లండులో ఊతచట్రం పట్టుకొని, 25 మీటర్ల తన పెరటి దారిలో నూరుసార్లు నడిచి, వైద్య సేవానిధికి మూడు కోట్ల పౌండ్లకు పైగా సమకూర్చాడు. ఆయనను చూసి ఉత్సాహం పొందిన టోబియాస్ వెల్లర్ అనే తొమ్మిదేండ్ల బాలుని ఉదంతం ఇంకా గొప్పది. షెఫీల్డు నగరవాసియైన ఆ బాలునికి సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం రెండూ ఉన్నవి. అతడు ఊతచట్రంతో తన ఇంటి ముందరి వీధిలోనే రోజుకు కొన్ని వందల మీటర్ల చొప్పున నడిచాడు. 70 దినాలలో మారథాన్ దూరాన్ని, అంటే 42 కిలోమీటర్ల పైచిలుకును, పూర్తి చేశాడు. అదే ఏడాది అక్టోబరు 4న లండన్ మారథాన్‌ను సామాన్యులు ఎవరి ఊరిలో వారే ఒక్క దినంలో పూర్తి చేయవచ్చునని నిర్వాహకులు ప్రకటించగా, 37 వేలకు పైగా జనులు గమ్యం చేరారు.

ఈ ఉదంతాలలో మనం గమనించవలసిన విషయం ఒకటున్నది. టోబియాస్ పక్కవానితో పోటీపడలేదు. నిన్నటి తనతో పోటీపడ్డాడు. మారథాన్ దూరం మారలేదు, కాని దానిని చేరే గడువు అతని శరీరానికి తగినట్లు మారినది. నియమాన్ని మనిషికి అనువుగా మలచినప్పుడు పోటీ విలువ తగ్గదని ఆ బాలుడు నిరూపించాడు.

ఈ సూత్రం నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో 1962లో యూనిస్ కెనెడీ ష్రైవర్ అనే మహిళ, బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం మేరీల్యాండులోని తన ఇంటి ఆవరణలోనే వేసవి శిబిరం నడిపింది. ఆ పెరటి ఆటలే 1968 జూలైలో చికాగో నగరంలో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ క్రీడలుగా వికసించినవి. ఆ క్రీడలలో పాల్గొనేవారిని వయసును, సామర్థ్యాన్ని బట్టి వర్గాలుగా విభజిస్తారు. సమానుల మధ్యనే పోటీ కనుక గెలుపుకూ అర్థముంటుంది, ఓటమికీ గౌరవముంటుంది.

అంధుల క్రికెట్టును చూడండి. బంతిలో గుండ్లు గలగలలాడుతుంటే ఆ శబ్దమే ఆటగానికి చూపు. జట్టులోని పదకొండుమందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివారై ఉండాలి. వారు తీసిన ప్రతి పరుగూ రెండుగా లెక్కకు వస్తుంది. ఈ నియమాలు చూసి అది తేలిక ఆట అని ఎవరైనా అనగలరా? 2017లో మన దేశంలో జరిగిన అంధుల టి20 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టుకు నాయకుడు మన తెలుగువాడైన అజయ్ కుమార్ రెడ్డి. నాట్యం విషయానికి వస్తే, 1981లో ప్రమాదం వల్ల కాలు కోల్పోయి, జైపూరు కృత్రిమ పాదంతో తిరిగి రంగస్థలమెక్కిన సుధాచంద్రన్ గాథ తెలుగువారికి 'మయూరి' చిత్రం ద్వారా సుపరిచితమే.

'ఆడలేక మద్దెల ఓడు' అని మన పెద్దలు నవ్వుతూ అన్నారు. సామెత సరసమైనదే. అయితే మద్దెల నిజంగానే ఓడైతే ఏమి చేయాలో ఆ సామెత చెప్పలేదు. మెట్లు మాత్రమే ఉన్న వేదిక, రాళ్లు తేలిన మైదానం, ఒక్క తీరు శరీరానికే సరిపడే నియమావళి, ఇవన్నీ ఓటి మద్దెలలే. ఆడేవానిని నిందించే ముందు మద్దెలను పరీక్షించడం నిర్వాహకుల ధర్మం.

ఇంటివద్ద పోటీలంటే కొందరికి సంశయాలు కలుగవచ్చు. ఇంట్లో చేసినదానికి సాక్ష్యమేమిటని మొదటి ప్రశ్న. తల్లి, తండ్రి, అప్పా, భాయీజాన్, ఎవరైనా సరే, లెక్కించి కార్డుపై సంతకం చేస్తే చాలును. అందువల్ల ఇంటివారికీ ఆటలో పాలు దొరుకుతుంది. మొదటి రోజు కావాలని తక్కువ చేసి, చివరి రోజు విజృంభించే చతురులు మనలో లేకపోలేదు. కనుక ప్రథమ బహుమతి పెరిగిన సంఖ్యకు కాక, విడువక పాటించిన క్రమానికి ఇవ్వాలి. రెండవది, నృత్యాన్ని సమ్మతించని కుటుంబాలు ఉన్నవి. వారి అభిప్రాయాన్ని మేము గౌరవిస్తున్నాము. నృత్యం కోరినవారికి నృత్యం, కోరనివారికి తాళానికి తగిన వ్యాయామం, తాడాట, బంతి ఆట. ఎంపిక విద్యార్థిదే కావాలి. మూడవది, దృశ్యాలు చిత్రించి ఫోనులలో పంపే విషయం. బాలికల గౌరవం దృష్ట్యా చిత్రీకరణను నియమంగా పెట్టకూడదు. అంకెలు రాసిన కార్డు చాలినప్పుడు ముఖాలు చూపవలసిన పని లేదు.

వీటన్నింటికంటె బలమైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. ఇంట్లోనే ఆడుకోమని చెప్పి, వికలాంగులను, బాలికలను మైదానానికి శాశ్వతంగా దూరం చేస్తామా? ఈ భయం సహేతుకమైనదే. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామం నుండి వచ్చిన దీప్తి జీవాంజి, 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగును 55.82 సెకండ్లలో ముగించి కాంస్య పతకం సాధించింది. బౌద్ధిక వైకల్యం గల భారత క్రీడాకారులలో పారాలింపిక్ పతకం పొందిన తొలి వ్యక్తి ఆమెయే. ఆ పతకం వెనుక ఆమె పట్టుదలతోపాటు పరుగుబాట ఉన్నది, శిక్షకుడున్నాడు. ఇంటి అరుగు మీద ఇది సాధ్యమయ్యేది కాదు. ఇల్లు తొలిమెట్టు కావాలే గాని, చుట్టుగోడ కారాదు. వికలాంగుల హక్కుల చట్టం (2016) 30వ సెక్షను కూడా క్రీడా కార్యక్రమాలలో వారికి ప్రవేశం, భాగస్వామ్యం ఉండేటట్లు వాటిని తిరిగి రూపొందించాలని నిర్దేశిస్తున్నది. కనుక ఇంటి పోటీని అనుమతిస్తూ మైదానాన్ని మరచిపోవడం చట్టానికీ న్యాయానికీ విరుద్ధమే.

కాగా, కళాశాల కమిటీ వారికి మేము సవినయంగా చేసే మనవి ఇది. వార్షిక క్రీడోత్సవానికి ముందు ఒక వారం 'ఇంటి పోటీల వారం'గా ప్రకటించండి. బారెడు చోటులో చేయగల అయిదారు అంశాలను నిర్ణయించండి: తాడాట, గోడకు బంతి కొట్టి పట్టడం, కుర్చీలో కూర్చొని చేసే కోలాటం, ఉన్నచోటనే నడక, చేతులతో తాళగతి. చూపు లేనివారికి గలగలలాడే బంతిని, వినికిడి లేనివారికి చేతిసైగతో చెప్పే తాళాన్ని సిద్ధం చేయండి. నియమాలు తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చువేయించండి. వాటిని రాసేటప్పుడు వికలాంగ విద్యార్థులనే ముందుగా సంప్రదించండి. 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా వెలసి, నేడు బౌద్ధిక దివ్యాంగజనుల సాధికారత సంస్థగా పేరు మార్చుకున్న జాతీయ సంస్థ సలహాను కూడా కోరవచ్చును. అటుపైన క్రీడోత్సవం నాడు ఆ వారంలో పాల్గొన్న వారందరినీ మైదానానికి ఆహ్వానించండి. ఆనాటికి వేదికకు మెట్ల పక్కన ఏటవాలు దారి ఒకటి సిద్ధమై ఉండాలి. ఈ మొత్తానికి అయ్యే ఖర్చు ఒక కప్పు, ఒక షామియానా అద్దెను మించదని మా నమ్మకం.

విద్యార్థినీ విద్యార్థులారా! కమిటీవారు ఆమోదించేదాకా మనం వేచి ఉండనక్కరలేదు. రేపు ఉదయం మీ ఇంటి ముంగిట పది నిమిషాలు ఆడండి. తమ్ముడిని, చెల్లెలిని, పొరుగింటి పిల్లవానిని పిలవండి. ఆ పిల్లవాడు నడవలేనివాడైతే, అతడు ఏ విధంగా ఆడగలడో అతడినే అడిగి, ఆ విధంగా ఆట నియమాన్ని మార్చండి. కమిటీవారి ఎదుట మేము పెట్టిన సవాల్‌కు జవాబు వారే చెప్పాలి. మన ఇంటి ముంగిట జవాబు మాత్రం మన చేతిలోనే ఉన్నది.