లాటరీ చెప్పిన నిజం ఎవరికి పట్టింది?

ఇంగ్లీషు మీడియం మీద వాదన మొదలైతే చాలు, ఒక వర్గం అమ్మ భాష అంటుంది, ఇంకో వర్గం పేదల ఆకాంక్ష అంటుంది. రుజువు సంగతి రెండు వర్గాలకూ పట్టదు. ఆ రుజువు ఫిన్లాండులో లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 పల్లెల్లోనే దొరికింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (శాన్ డియేగో) ఆర్థికశాస్త్ర ఆచార్యుడు కార్తీక్ మురళీధరన్ పరిశోధనా జీవితంలో పెద్ద భాగం మన బడుల చుట్టూనే తిరిగింది. పిల్లల ఫలితాలను బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే ఏమవుతుందో ఇక్కడే పరీక్షించారు. వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి 2008లో ఇంకో ప్రయోగం మొదలుపెట్టారు. సర్కారు బడి పిల్లల తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకుని లాటరీ వేశారు. పేరు వచ్చిన పిల్లలను ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపారు, రాని వాళ్లు ఉన్నచోటే ఉన్నారు. రెండేళ్ల తర్వాత ఒకసారి, నాలుగేళ్ల తర్వాత మరోసారి పరీక్ష పెట్టారు. తెలుగు, లెక్కలు, సైన్సు, సాంఘికం, ఆఖరికి ఇంగ్లీషు... దేనిలోనూ మార్కుల్లో తేడా లేదు. సర్కారు ప్రాథమిక బడిలో చెప్పని హిందీలో మాత్రం లాటరీ తగిలినవాళ్లు ముందున్నారు.

మళ్లీ చదవండి. ఇంగ్లీషులో కూడా తేడా లేదు! ఊళ్లో టై కట్టుకున్న పిల్లాడు మెరుగ్గా కనిపిస్తున్నాడంటే అందులో బడి గొప్పతనం కన్నా ఇంటి స్తోమత, తల్లిదండ్రుల చదువే ఎక్కువ.

ప్రైవేటు పక్షం ఈ అధ్యయనంలోంచి ఒకే ముక్క ఏరుకుంటుంది: ఒక్కో విద్యార్థిపై ప్రైవేటు బడి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదని. అది నిజమే, సర్కారు సిగ్గుపడాల్సిన నిజం. కానీ తక్కువ ఖర్చుతో నడపడం వేరు, ఎక్కువ నేర్పడం వేరు. ఇదే అధ్యయనంలో మరో సూచన ఉంది: ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మారినవాళ్ల కన్నా తెలుగు మీడియం ప్రైవేటు బడిలో చేరినవాళ్లే మెరుగ్గా ఉన్నట్టు కనబడింది. ఇది తిరుగులేని రుజువని పరిశోధకులూ అనలేదు. కనీసం ఆగి ఆలోచించడానికి మాత్రం చాలు.

ఎవరు ఆగారు? 2019లో సర్కారు బడులను ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తూ ఆంధ్రప్రదేశ్ జీవో 81 తెచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2022లో తెలంగాణ కూడా అదే బాట పట్టింది. ఇంత రభసలోనూ మార్కుల్లో తేడా లేదన్న మాట దాదాపు వినబడలేదు.

ఇంగ్లీషు కావాలన్న పేద తల్లి కోరిక తప్పు కాదు. సొంత పిల్లల్ని కాన్వెంటుకు పంపి ఆమెకు తెలుగు మహిమ బోధించే పెద్దమనుషులకు ఆ హక్కు లేదు. ఆ ప్రయోగం ప్రాథమిక తరగతులదే, పల్లెలదే అన్నదీ ఒప్పుకుందాం. అయితే మీడియం మార్పు మొదలైందీ ఆ తరగతుల నుంచే, దాని బరువు పడిందీ ఆ పల్లెల మీదే.

కొన్ని మండలాల్లో ముందు అమలు చేసి, మిగతా చోట్లతో పోల్చి చూడటం ప్రభుత్వాలకు చేతకాని పనేం కాదు. కొలిస్తే ఫలితం బయటపడుతుంది, భయమంతా అదే. ఒక మందును మనుషులకివ్వాలంటే పరీక్షలు తప్పనిసరి చేసిన దేశంలో, లక్షల మంది పిల్లల చదువు భాషను రాత్రికి రాత్రి మార్చడానికి ఒక సంతకం సరిపోతోంది. పిల్లలు తప్పితే మళ్లీ రాయిస్తాం. ఈ సంతకాలు పెట్టినవాళ్లకు ఒక్క పరీక్షయినా పెట్టామా?