వాడా, అతడా, ఆయనా?

బస్తరులోని మా ఆవపల్లి ఇంటికి టెలిఫోను రాకముందే జిమ్ రీవ్స్ వచ్చాడు, నాన్నగారి టేప్‌రికార్డరులో. ఆ అమెరికన్ కంట్రీ గాయకుడు 1964 జులై 31న నాష్‌విల్ సమీపాన, తానే నడుపుతున్న విమానం కూలి మరణించాడు. అయినా 1966లో ఆయన ‘డిస్టెంట్ డ్రమ్స్’ బ్రిటన్‌లో అగ్రస్థానం అందుకుంది. రీవ్స్ పోయాడని నాన్నగారు ఎన్నడూ ఒప్పుకోలేదు.

1959 నాటి ‘హీల్ హావ్ టు గో’ను తెలుగు చేయమని అడిగేవారు. టెలిఫోనులో ప్రేయసిని బతిమాలే పాట. ఆమె పక్కనున్న ఆ ‘హీ’ వాడా, అతడా, ఆయనా? ఆంగ్లానికి ఈ చిక్కు లేదు. ఏళ్ళ తరబడి వాయిదా వేశాను.

నాన్నగారు పోయిన తరువాత ‘వాడు’ అని వ్రాశాను. టేపు వేసి విన్నాను. అంత మెల్లగా మాట్లాడే మనిషి నోట ఆ మాట ఇమడలేదు. కొట్టివేసి ‘ఆయన’ అని దిద్దాను.