మెహర్ ఉధార్, బిర్యానీ నగద్

షాదీ ఇంట్లో టెన్షన్ తగ్గాలంటే ఏం చెయ్యాలని అడిగితే ఇప్పుడు అందరిదీ ఒకటే జవాబ్. లిస్టు రాసుకోండి, ముందే హాలు మాట్లాడుకోండి, ఈవెంట్ వాళ్లకి అప్పజెప్పండి. బందరులోనూ గుడివాడలోనూ ఇదే మాట. నేను ఒప్పుకోను. రంజాన్ నెలంతా సెహ్రీ, ఇఫ్తార్ ఒక్క చేత్తో నడిపే మన అమ్మీలకి ఇంతెజామ్ నేర్పాలా? పరేషానీ అక్కడ లేదు. ఎంతమందికి దావత్ పెట్టాలో చెప్పేది ఒకరు, ఖర్చు పెట్టేది ఇంకొకరు. అక్కడుంది.

రిష్తా ఖాయమైన రోజున అబ్బాయి తరఫు పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. "మాకేం వద్దు భాయ్, అల్లా దయవల్ల అన్నీ ఉన్నాయి. వచ్చే మెహమాన్లని మాత్రం బాగా చూసుకోండి. ఓ మూడొందలమంది ఉంటారు." అంతే. జహేజ్ అడగలేదని ఆయనకి పేరు. అమ్మాయి అబ్బాకి ఆ రాత్రి నుంచి నిద్ర లేదు.

కేజీ బియ్యానికి పదిమంది అనుకున్నా మూడొందలమందికి ముప్పై కేజీలు. కేజీకి కేజీ గోష్త్ వేసినా ముప్పై కేజీలు. ఆపైన దాల్చా, చికెన్ ఫ్రై, డబల్ కా మీఠా, నీళ్ల బాటిళ్లు, హాలు కిరాయి, బావర్చీ మజూరీ. అమ్మాయి తరఫు వాళ్లూ తినాలి కదా, వాళ్ల లెక్క వేరే. పెడనలో కలంకారీ అచ్చులు వేసే ఇంటికి, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసే ఇంటికి, నాగాయలంకలో చిన్న కొట్టు నడిపే ఇంటికి ఇది ఎన్నేళ్ల కర్జో మీరే లెక్కెయ్యండి. 1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టం సంగతి అందరికీ తెలుసు. జోడా డబ్బులు అడగడానికి కాస్తయినా జంకుతారు. దేగ్‌లో ఉడికే జహేజ్‌కి ఎవరూ జంకరు.

దీన్‌లో అమ్మాయి తండ్రి మీద దావత్ ఫర్జూ కాదు, సున్నతూ కాదు. ఉన్నది వలీమా. అది అబ్బాయి పెట్టేది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలో నికా చేసుకున్న సంగతి ప్రవక్త (స)కి తర్వాతగానీ తెలియలేదు. బట్టల మీద పసుపు రంగు మరక చూసి అడిగితే తెలిసింది. నన్నెందుకు పిలవలేదని ఆయన అలగలేదు. దువా ఇచ్చి, ఒక్క మేకతోనైనా సరే వలీమా పెట్టమన్నారు. మన చిచ్చాలు, ఫుప్పాలు మాత్రం కార్డు చేతికివ్వకుండా ఫోన్‌లో పంపారని షాదీకే రారు! ఖైబర్ నుంచి తిరుగు ప్రయాణంలో హజ్రత్ సఫియా (రజి)తో నికా అయినప్పటి వలీమాలో రొట్టె లేదు, గోష్త్ లేదు. తోలు దస్తర్‌ఖాన్ పరిచి ఖర్జూరాలు, పనీరు, నెయ్యి పెట్టారు.

ఇంకో తమాషా చూడండి. నిఖానామాలో మెహర్ రాసేటప్పుడు అందరూ ఉధార్ అంటారు. తర్వాత ఇస్తాడట, ఇన్షా అల్లా. అమ్మాయి హక్కు ఉధార్, అమ్మాయి తండ్రి పెట్టే బిర్యానీ నగద్. ఈ లెక్క ఖాజీ సాబ్ ముందే జరుగుతుంది, గవాలూ దస్తఖత్ చేస్తారు.

తారీఖుల గొడవ మనం చేతులారా తెచ్చుకున్నదే. ముహర్రంలో వద్దు, సఫర్‌లో తేరా తేజీ అని వద్దు. దీన్‌లో ఎక్కడా లేని వహమ్ ఇది. అన్ని షాదీలూ మిగిలిన నెలల్లోనే కుక్కుకుంటే హాలువాడు అడిగిందే రేటు. ఒకప్పుడు అరబ్బులు షవ్వాల్‌ని మన్‌హూస్ అనుకునేవాళ్లు. ఇవాళ మనకి హాళ్లు దొరకని నెల అదే.

కార్డు మీద బాద్ నమాజె జొహర్ అని ఉంటుంది. బారాత్ మూడున్నరకి దిగుతుంది. కోడూరు నుంచి, అవనిగడ్డ నుంచి పిల్లల్ని వేసుకుని గుడివాడ వచ్చిన ఆడవాళ్లు ఆకలితో కూర్చుని, ఆఖరికి రెండు ముద్దలు తిని బస్సు కోసం పరిగెత్తాలి. ఇదీ మెహమాన్ నవాజీ!

బిరాదరీ కలుసుకునేది షాదీల్లోనే కదా అంటారు. ఆ మాటలో నిజముంది. దివిసీమ ఊళ్లల్లో మనవాళ్లు అక్కడ నాలుగిళ్లు, ఇక్కడ ఐదిళ్లు. కలుసుకోవాలి. వలీమాలో కలుసుకుందాం. నికా మస్జిద్‌లో అస్ర్ తర్వాత పెట్టుకుని, ఖజూర్ పంచి, చాయ్ ఇచ్చి పంపితే అమ్మాయి ఇంటికి ఒక్క పూట పని. మర్నాడో ఆ మర్నాడో అబ్బాయి తన తాహతు కొద్దీ ఒక్క దావత్ పెట్టి, అమ్మాయి తరఫు వాళ్లనీ, మొహల్లాలో గరీబుల్నీ పిలవాలి. గొప్పోళ్లని పిలిచి గరీబుల్ని వదిలేసిన వలీమా భోజనం చాలా చెడ్డదని హదీసులో ఉంది.

జమాత్ సదర్లు తల్చుకుంటే ఇది పెద్ద పనేం కాదు. నికా రాయించుకోవడానికి వచ్చినప్పుడు రెండు సవాళ్లు అడగండి. మెహర్ ఇవాళ ఎంత చేతిలో పెడుతున్నావు? అమ్మాయి వాళ్లకి ఎంతమందిని చెప్పావు? నలుగురి ముందు, పెద్దగా అడగండి.

వచ్చే షవ్వాల్‌కి కార్డులు అచ్చుకిచ్చే దుల్హా మియాలూ, మూడొందలు అన్నది మీ ఇంట్లో ఎవరో ముందు కనుక్కోండి. ఆ మూడొందల ప్లేట్ల డబ్బు ఆయన జేబులోంచే ఇమ్మనండి.