విదేశీ వైద్యానికి పైకం సర్దుకోవడం ఎలా?

ఉస్మాన్‌గంజ్‌లో ఒక టోకు వ్యాపారి ఉన్నారు. పప్పులు, చింతపండు బస్తాల మధ్య కూర్చుని లక్షల లెక్క నోటితోనే తేల్చే మనిషి. కాలేయంలో గడ్డకు ఆపరేషను కోసం భార్యను వెంటబెట్టుకుని సింగపూరు వెళ్ళారు. డబ్బుకు లోటు లేదు. కాని డబ్బంతా ఆయన పేరు మీదే. కార్డు పిన్ నంబరు ఆయనకే తెలుసు. బ్యాంకువారి ఓ.టి.పి. వచ్చేది ఆయన ఫోనుకే. ఆ ఫోను తెరుచుకునేది ఆయన వేలిముద్రకే.

ఆపరేషను తర్వాత ఆయన అయిదు రోజులు వెంటిలేటరు మీద ఉన్నారు. రెండో రోజున ఆసుపత్రివారు మరికొంత డిపాజిట్టు కట్టమన్నారు. ఇక్కడినుంచి కొడుకు పంపిన సొమ్ము చేరడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడ చేతిలో ఉన్న కొద్ది డబ్బు అయిపోతుందని బిస్కెట్లతో గడిపారు. "అన్నం తినకుండా షుగరు మాత్ర ఎలా వేసుకోను డాక్టరుగారూ? అందుకే మానేశాను" అన్నారు నాతో. ఆయన కోలుకుని వచ్చారు. ఆవిడ షుగరు అదుపులోకి రావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

అందుకే ఈ వారం మందుల సంగతి కాస్త పక్కన పెట్టి, పైకం సంగతి చెబుతాను.

ముందుగా, వెళ్ళక తప్పదా అని ఇక్కడి నిపుణులను ఇద్దరిని అడగండి. 1974లో అక్కినేని నాగేశ్వరరావుగారు, 1984లో ఎన్.టి. రామారావుగారు గుండె ఆపరేషనుకు అమెరికా వెళ్ళవలసి వచ్చింది. ఇప్పుడు బైపాస్ ఆపరేషను మన నిమ్స్‌లోనే చేస్తున్నారు.

వెళ్ళక తప్పదనుకుంటే ఖర్చు అంచనాను ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఐ.సి.యు. రోజులు, రక్తం, మందులు, తర్వాతి పరీక్షలు అందులో చేరాయో లేదో అడగండి. ఆపరేషను అయిన మర్నాడే ఎవరినీ విమానం ఎక్కనివ్వరు. కాబట్టి బస ఖర్చుతో సహా అంచనాలో కనీసం నాలుగో వంతు అదనంగా సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు, తీసుకువెళ్ళవచ్చు. రోగికి తోడు వెళ్ళేవారికి ఈ పరిమితి విడిగా ఉంటుంది. రోగికి అంతకు మించి కావలసివస్తే వైద్యుని లేదా ఆసుపత్రి అంచనా కాగితం చూపాలి. పెద్ద మొత్తాన్ని మీ బ్యాంకు ద్వారా నేరుగా ఆసుపత్రి ఖాతాకే పంపండి. పాన్ కార్డు తప్పనిసరి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు కొంత పన్ను వసూలు చేస్తుంది. దాన్ని ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు. రసీదు దాచండి.

నోట్ల కట్టలు బనియనులో కుట్టుకుని వెళ్ళే ఆలోచన మానండి. సింగపూరు, అమెరికా వంటి దేశాలకు వెళ్ళేటప్పుడు విదేశీ నోట్లు మనిషికి 3,000 డాలర్లకు మించకూడదు. మన రూపాయి నోట్లయితే 25,000 వరకే. ఆబిడ్స్ వైపు వెళ్ళి డాలర్లు కొనేటప్పుడు కూడా, విలువ 50 వేల రూపాయలు దాటితే చెక్కు ద్వారానో బ్యాంకు ద్వారానో చెల్లించాలి. నోట్లు టాక్సీకి, తిండికి, చిల్లర ఖర్చులకే.

ఇక కార్డులు. కొత్త కార్డులు మొదట మన దేశంలోనే పనిచేస్తాయి. విదేశీ వాడకానికి మీరే అనుమతి పెట్టుకోవాలి. రోజువారీ పరిమితి కూడా చూసుకోవాలి. ఇవి బయలుదేరే ముందు ఇంట్లోనే చేసుకోండి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు సంచుల్లో ఉంచండి. ఓ.టి.పి. రావాలంటే ఫోనుకు అంతర్జాతీయ రోమింగ్ ఉండాలి. చెల్లించేటప్పుడు "రూపాయల్లోనా, ఇక్కడి కరెన్సీలోనా?" అని యంత్రం అడిగితే, అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. రూపాయల్లో అంటే మారకం రేటు సాధారణంగా ఎక్కువ పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: తోడు వెళ్ళేవారికి వారి పేరనే ఖాతా, కార్డు, పనిచేసే ఫోను ఉండాలి. రోగి పిన్ నంబరు చీటీ మీద రాసి ఇవ్వడం దీనికి మార్గం కాదు. ఇంటి ఇల్లాలికి ఒకసారి ఇక్కడే, నాంపల్లి స్టేషను దగ్గరి ఏ.టి.ఎం.లోనైనా సరే, కార్డు వాడడం అలవాటు చేయించండి. పరాయి దేశంలో, భర్త ఐ.సి.యు.లో ఉండగా, మొదటిసారి నేర్చుకోవలసిన విద్య కాదిది.

రోగి మందులు, మందుల చీటీ చేతిసంచిలోనే ఉండాలి. తోడు వెళ్ళేవారు తమ బి.పి., షుగరు మందులు కూడా పూర్తి రోజులకు సరిపడా తీసుకువెళ్ళాలి. తిరిగి వచ్చాక 2,000 డాలర్లకు మించి మిగిలిన నోట్లుంటే 180 రోజులలోగా బ్యాంకుకు అప్పగించాలి.

ఉస్మాన్‌గంజ్ వ్యాపారి ఇటీవల మళ్ళీ పరీక్షలకు సింగపూరు వెళ్ళి వచ్చారు. ఈసారి బిల్లు కట్టింది ఆవిడేనట, తన కార్డుతో. పూట తప్పకుండా భోజనం చేశానని కూడా చెప్పారు.